తమిళులకు ఇంగ్లీషు 'హ్యావ్' నేర్పడం ఎలా?

రెండో బెంచి

తమిళం మాతృభాషైన పెద్దవాళ్ళకి స్పోకెన్ ఇంగ్లీషు చెప్పే తెలుగువాళ్ళు ఈ వేదికలో చాలామందే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. ఏ క్రియకీ రానన్ని తప్పులు 'హ్యావ్' దగ్గర వస్తున్నాయి. ఎక్కువగా దొర్లేవి ఇవి:

"ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్."
"ఇన్ మై హౌస్ త్రీ రూమ్స్ ఆర్ దేర్."
"ఐ హ్యాడ్ కమ్ యెస్టర్‌డే."
"డిడ్ యూ హ్యాడ్ లంచ్?"
"యూ డోంట్ హ్యావ్ టు టచ్ దట్ వైర్." (ముట్టుకోవద్దు అని చెప్పడానికి!)

నిఘంటువు తీస్తే వైత్తిరు, కొండిరు, పెట్రిరు, ఉడైత్తాయిరు అని వరసగా ఇస్తుంది. నోటి మాటలో వాటితో పని జరగడం లేదు. మనకి తెలుగులో నేర్పిన పద్ధతే వాళ్ళకీ పనికొస్తుందా, తమిళానికి వేరే దారి కావాలా?

ధాతువు

సగం దారి ఒకటే, సగం వేరు. ముందు ఒకటైన సగం చెప్తాను.

తెలుగులోలాగే తమిళంలో కూడా 'హ్యావ్'కి సరిపోయే మామూలు క్రియ లేదు. ఉన్నది 'ఇరు' (మన 'ఉండు'). ఎవరికి ఉంది, ఎవరి దగ్గర ఉంది, ఎక్కడ ఉంది అనే సంగతిని విభక్తి చెప్తుంది. తమిళానికి ఆ విభక్తులు మూడు.

ఒకటి '-క్కు'. బంధువులు, ఒంటి భాగాలు, జబ్బులు, తీరిక, సొంత ఆస్తి. "ఎనక్కు ఒరు తంబి ఇరుక్కాన్", "ఎనక్కు టైమ్ ఇల్ల", "అవరుక్కు సొంద వీడు ఇరుక్కు" (నాకో తమ్ముడున్నాడు, నాకు తీరిక లేదు, ఆయనకి సొంత ఇల్లుంది).

రెండోది '-కిట్ట'. చేతిలో, జేబులో, సంచిలో ఉండేవి. "ఎంగిట్ట పణం ఇరుక్కు". మన 'నా దగ్గర డబ్బుంది'.

మూడోది '-ల'. చోటుకి సంబంధించినది. "వీట్టుల మూణు రూమ్ ఇరుక్కు" (ఇంట్లో మూడు గదులున్నాయి).

ఇంగ్లీషు ఈ మూడు విభక్తుల్నీ చెరిపేసి ఆ మనిషినో చోటునో తీసుకెళ్ళి కర్త కుర్చీలో కూర్చోబెడుతుంది. ఎనక్కు అన్నా, ఎంగిట్ట అన్నా 'ఐ' ఒక్కటే. వీట్టుల అన్నది 'మై హౌస్' అవుతుంది. కాబట్టి మొదటి పాఠంలో 'హ్యావ్' అర్థం చెప్పకండి. వాక్యం మొదట ఉన్న మాటకి తోక కత్తిరించడం నేర్పండి. తోక తెగాక 'ఇరుక్కు' ఉన్న చోట హ్యావ్ లేదా హ్యాజ్, 'ఇల్ల' ఉన్న చోట డోంట్ హ్యావ్ లేదా డజంట్ హ్యావ్. "ఇన్ మై హౌస్ త్రీ రూమ్స్ ఆర్ దేర్" అనే తప్పు తోక తెగకపోవడం వల్ల వచ్చిందే.

మూడో విభక్తి దగ్గర ఒక జాగ్రత్త. "మరత్తుల కురువి ఇరుక్కు" అన్నదానికి "ద ట్రీ హ్యాజ్ అ స్పారో" అతకదు. అది వచ్చి వాలిన పిట్ట, చెట్టులో భాగం కాదు. అక్కడ "దేర్ ఈజ్ అ స్పారో ఇన్ ద ట్రీ" అనాలి. గదులు ఇంటిలో భాగమే గనక రెండు రకాలుగానూ చెప్పొచ్చు.

గోంగూర కట్ట

హ్యావ్, హ్యాజ్ తేడా కూడా ఇక్కడి నుంచే పుడుతుంది కదా? "మై సిస్టర్ హ్యావ్ త్రీ చిల్డ్రన్" అనేవాళ్ళు ఉన్నారు.

ధాతువు

అవును. మన రెండు భాషల్లోనూ క్రియ ఉన్నదాన్ని బట్టి మారుతుంది, ఎవరికి ఉందో వాళ్ళని బట్టి కాదు. "అక్కావుక్కు మూణు పసంగ ఇరుక్కాంగ" అన్నప్పుడు 'ఇరుక్కాంగ' పిల్లల్ని చూసి బహువచనమైంది, అక్కని చూసి కాదు. అదే అలవాటు హ్యావ్‌లోకి దిగుతుంది.

తమాషా ఏమిటంటే వస్తువుల దగ్గర తెలుగువాళ్ళే ఎక్కువ జారతారు. మనం "రెండు కార్లు ఉన్నాయి" అంటాం. తమిళంలో మాట్లాడేటప్పుడు "రెండు కార్ ఇరుక్కు" అని ఏకవచనంలోనే వదిలేస్తారు. అందుకని తమిళులకి ఈ కసరత్తు మనుషులతో చేయించండి. అన్నదమ్ములు, పిల్లలు, స్నేహితులు. కార్లు, కుర్చీలతో చేయిస్తే తప్పు బయటపడదు.

అనువాద కూలీ

నిఘంటువులో మొదట కనిపించిన 'వైత్తిరు'ని అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. మాట్లాడే తమిళంలో అది 'వెచ్చిరుక్కేన్' రూపంలో రోజూ వినపడుతుంది. "నాన్ కార్ వెచ్చిరుక్కేన్" అంటే నాకు కారుంది. ఇక్కడ కర్త 'నాన్', తోక లేదు. ఇంగ్లీషు హ్యావ్‌కి తమిళంలో వాక్య నిర్మాణం కూడా కుదిరే మాట ఇదొక్కటే. మనకి అంత సహజమైనది లేదు. 'కలిగి ఉన్నాను' ఉందంటే ఉంది గానీ, "నేను ఒక కారును కలిగి ఉన్నాను" అని ఏ తెలుగువాడూ నోటితో అనడు, అనువాదాల్లో తప్ప.

అయితే 'వై' అంటే పెట్టు, ఉంచు. మాటకి మాట దింపితే "ఐ యామ్ కీపింగ్ అ కార్" వస్తుంది. ఇది తమిళుల ఇంగ్లీషులో బాగా వినపడే మాటే. 'కీప్' అంటే పోషించడం, దాచడం, తిరిగివ్వకపోవడం. కోళ్ళు, తేనెటీగలు, లెక్కల పుస్తకాలు అయితే కీప్. కారు, ఫోను, రేషన్ కార్డు అయితే హ్యావ్.

ఇంకో సంగతి. మనిషిని కర్మగా పెట్టి 'వెచ్చిరుక్కాన్' అంటే తమిళంలో అర్థం వేరు. తెలుగులో 'ఉంచుకున్నాడు' అన్నట్టే. కాబట్టి బంధువుల వాక్యాలు ఈ అచ్చులో పోయకండి, తరగతి నవ్వులపాలవుతుంది.

తిరుత్తణి బస్సు

హ్యావింగ్ సంగతికొస్తా. చాలామంది మాస్టర్లు "హ్యావ్‌కి ఐఎన్‌జీ రాదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది తప్పు. "ఐ యామ్ హ్యావింగ్ లంచ్" నిక్షేపంలాంటి వాక్యం. ఆ ముక్క నమ్మినవాళ్ళు అది కూడా మానేసి "ఐ యామ్ టేకింగ్ ఫుడ్" అనడం మొదలుపెడతారు.

తమిళులకి మాత్రమే పనిచేసే పరీక్ష ఒకటి ఉంది. అదే వాక్యాన్ని తమిళంలో అనిపించండి. చివర 'ఇరుక్కు' ఒంటరిగా వస్తే హ్యావ్. '-కిట్టిరుక్కేన్' వస్తే హ్యావింగ్ పెట్టొచ్చు.

"సాప్పిట్టుకిట్టిరుక్కేన్" అంటే హ్యావింగ్ లంచ్. "కుళిచ్చుకిట్టిరుక్కేన్" అంటే హ్యావింగ్ అ బాత్. "కష్టప్పట్టుకిట్టిరుక్కేన్" అంటే హ్యావింగ్ ట్రబుల్. "ఎంగిట్ట కార్ ఇరుక్కు", "ఎనక్కు తంబి ఇరుక్కాన్" అన్నప్పుడు ఉత్త హ్యావే. పది వాక్యాలకి తొమ్మిది ఇందులో తేలిపోతాయి.

తేలనివి రెండు. 'వెచ్చుకిట్టిరుక్కాన్' (పట్టుకుని కూచున్నాడు, వదలడం లేదు అని) రూపం చూస్తే హ్యావింగ్‌లా ఉంటుంది గానీ కాదు. అది హోల్డింగ్ లేదా కీపింగ్. రెండోది, ముందే ఖాయమైన పని. "వుయ్ ఆర్ హ్యావింగ్ గెస్ట్స్ టునైట్" సరైన ఇంగ్లీషే. తమిళంలో మాత్రం "విరుందాళి వరాంగ" అంటారు. అక్కడ 'ఇరు' జాడే ఉండదు. దీన్ని విడిగా నేర్పాలి.

సాంబారు వడ

"ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్" అంటే అర్థం కాని డాక్టరు ఈ దేశంలో ఉంటాడా? దీనికి ఇంత రాద్ధాంతం దేనికండీ?

తిరుత్తణి బస్సు

అర్థమవుతుంది, ఒప్పుకుంటాను. ఆ ఒక్క వాక్యానికైతే నేనూ పట్టుబట్టను. చిక్కు దాని వెనకాల వస్తుంది. "మూణు నాళా కాయ్చల్ ఇరుక్కు" అన్న వాక్యం చూడండి. తమిళంలో వర్తమానం. అందుకని "ఐ యామ్ హ్యావింగ్ ఫీవర్ సిన్స్ త్రీ డేస్" అంటారు. కావలసింది "ఐ హ్యావ్ హ్యాడ్ అ ఫీవర్ ఫర్ త్రీ డేస్". ఇందులో హ్యావ్ రెండుసార్లు ఉంది. మొదటిది కాలం చెప్పడానికి, రెండోది జ్వరం కోసం. హ్యావింగ్‌కి అలవాటుపడ్డ నోటికి 'హ్యావ్ హ్యాడ్' ఎప్పటికీ ఎక్కదు. 'హ్యాడ్' ఒక్కటే చాలనుకుని "ఐ హ్యాడ్ ఫీవర్ ఫర్ త్రీ డేస్" అంటే జ్వరం తగ్గిపోయిందని అర్థం. డాక్టరు దగ్గర ఈ తేడా చిన్నదేం కాదు.

సిన్స్, ఫర్ తేడా తమిళులకి ఇలా చెప్పొచ్చు. '-ఆ' చివరొచ్చి లెక్క చెప్తే (మూణు నాళా, రెండు వరుషమా) ఫర్. 'ఇరుందు' వచ్చి ఎప్పుడు మొదలైందో చెప్తే (తింగక్కిళమైలేరుందు, అంటే సోమవారం నుంచి) సిన్స్. "మూణు నాళ్ల ఇరుందు" అని కూడా అంటారు గనక ఇరుందు ఒక్కటే చూసి మోసపోవద్దు. ముందున్నది లెక్కా, తేదీయా అన్నది చూడాలి. 'మూడు రోజుల నుంచి' అనే అలవాటు వల్ల తెలుగువాళ్ళం మనం ఇక్కడ ఇంకా అధ్వాన్నం.

ధాతువు

ఇప్పుడు వేరైన సగం. సహాయక క్రియగా వచ్చే హ్యావ్ దగ్గర తమిళులకి మనకి లేని అదృష్టం ఉంది.

"వందేన్" అంటే ఐ కేమ్. "వందిరుక్కేన్" అంటే ఐ హ్యావ్ కమ్. "వందిరుందేన్" అంటే ఐ హ్యాడ్ కమ్. "సొన్నా వందిరుప్పేన్" అంటే ఐ వుడ్ హ్యావ్ కమ్. "అవన్ వందిరుప్పాన్" అంటే హీ మస్ట్ హ్యావ్ కమ్. మెట్టుకి మెట్టు. మనం మొదటి రెండింటికీ 'వచ్చాను' అనే సరిపెట్టుకుంటాం. 'వచ్చి ఉన్నాను' నోట్లో పలికే మాట కాదు. 'వచ్చి ఉంటాడు' మాత్రం మనకీ ఉంది.

అందుకని తెలుగు విద్యార్థికి ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే ఏమిటో గంటసేపు చెప్పాలి. తమిళ విద్యార్థికి "వందిరుక్కేన్" అంటే చాలు, తల ఊపుతాడు. తెలుగు పద్ధతిలో వాళ్ళకి నేర్పబోతే ఉన్న మెట్లు తీసేసి నిచ్చెన వేసినట్టే.

కానీ మెట్లు అచ్చంగా ఒకటే ఎత్తులో లేవు. మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది 'వందిరుందేన్'. వచ్చి, ఉండి, వెళ్ళిపోయాను అనే భావం. ఆ తరవాత ఇంకో సంఘటన జరగక్కర్లేదు. "నేత్తు ఉంగ వీట్టుక్కు వందిరుందేన్" తమిళంలో చక్కని వాక్యం. ఇంగ్లీషు హ్యాడ్ కమ్‌కి మాత్రం రెండో సంఘటన కావాలి. "ఐ హ్యాడ్ లెఫ్ట్ బిఫోర్ యూ కేమ్" లాగ. రెండోది లేకపోతే "ఐ కేమ్ టు యువర్ హౌస్ యెస్టర్‌డే" అంతే. బెంచి గారి పట్టికలో మూడో తప్పు ఇదే.

రెండోది ఊహ. "మళై పెంజిరుక్కు" (వాన పడినట్టుంది) అని తడి నేల చూసి అంటారు. కళ్ళారా చూడలేదు, గుర్తుని బట్టి చెప్పడం. ఈ భావంతో తమిళంలో నేత్తు కూడా చేరొచ్చు. "నేత్తు వందిరుక్కాన్" అంటే నిన్న వచ్చి వెళ్ళినట్టున్నాడు. ఇంగ్లీషు హ్యాజ్ కమ్ పక్కన యెస్టర్‌డే నిలబడదు. "హీ మస్ట్ హ్యావ్ కమ్ యెస్టర్‌డే" అనాలి.

మూడోది 'పోయిరుక్కేన్'. దిల్లీ చూసొచ్చినా, ఇంకా దిల్లీలోనే ఉన్నా తమిళంలో ఒకటే రూపం. చెన్నైలో కూచుని "ఐ హ్యావ్ గాన్ టు డెల్హీ" అంటే వినేవాడు ఈయన ఎక్కడున్నట్టని వెతుక్కుంటాడు. వెళ్ళి తిరిగొచ్చినవాడికి 'హ్యావ్ బీన్ టు', ఇంకా అక్కడే ఉన్నవాడికి 'హ్యాజ్ గాన్ టు'. 'ఐ'తో హ్యావ్ గాన్ దాదాపు ఎప్పుడూ రాదని చెప్తే సగం పని అయిపోతుంది, ఇంటి తలుపు మీద చీటీ రాసిపెట్టేటప్పుడు తప్ప.

రెండో బెంచి

పోయిరుక్కేన్ మాట బాగుంది, ధన్యవాదాలు. "డిడ్ యూ హ్యాడ్" సంగతి?

గోంగూర కట్ట

దానికి పెద్ద వ్యాకరణం అక్కర్లేదండి. తమిళంలో ప్రశ్నకి విడి క్రియ లేదు, ఉన్న క్రియకే చివర '-ఆ' తగిలిస్తారు. ఇరుందుచ్చు, ఇరుందుచ్చా. కాలం క్రియ మీదే ఉంటుంది. ఇంగ్లీషులో డిడ్ వచ్చి కాలాన్ని తన నెత్తికెత్తుకుంటుంది గనక పక్కనున్నది ఉత్త హ్యావ్. పాత బ్రిటిష్ వ్యాకరణాల్లో "హ్యావ్ యూ అ పెన్?" అని ఉంటుంది. తప్పు కాదు గానీ ఇప్పుడు ఎవరూ అలా అడగరు. "డూ యూ హ్యావ్" లేదా "హ్యావ్ యూ గాట్" నేర్పండి. రెండూ ఒకేసారి నేర్పితే "డూ యూ హ్యావ్ గాట్" పుట్టుకొస్తుంది, జాగ్రత్త.

కావేరి గట్టు

ఐదో తప్పు గురించి ఎవరూ మాట్లాడలేదు. నా లెక్కలో అన్నిటికన్నా ప్రమాదమైనది అదే.

'హ్యావ్ టు' దగ్గర తమిళులకి ఇబ్బంది లేదు. "పోగ వేండియిరుక్కు" అంటే హ్యావ్ టు గో. "పోగ వేండియదా పోచ్చు" అంటే హ్యాడ్ టు గో, మన 'వెళ్ళాల్సి వచ్చింది' అచ్చంగా. చిక్కంతా 'వేండాం'లో ఉంది. వేండుమ్‌కి వ్యతిరేకం వేండాం. హ్యావ్ టు ఏమో వేండుమ్ అయింది కదా, కాబట్టి డోంట్ హ్యావ్ టు వేండాం అవుతుందని విద్యార్థి లెక్క కడతాడు. లెక్క బాగానే ఉంది. కానీ తమిళంలో "తొడ వేండాం" అంటే ముట్టుకోనక్కర్లేదు అనీ అవుతుంది, దయచేసి ముట్టుకోవద్దు అనీ అవుతుంది. మర్యాదగా వద్దని చెప్పేటప్పుడు వాడేది ఆ మాటే. ఇంగ్లీషు డోంట్ హ్యావ్ టు మాత్రం 'అక్కర్లేదు' అని మాత్రమే. ముట్టుకుంటే మీ ఇష్టం!

తెలుగులో 'అక్కర్లేదు', 'వద్దు', 'కూడదు' మూడూ విడివిడిగా ఉన్నాయి కాబట్టి మనకి ఈ గుంట కనిపించదు. అందుకే తెలుగు మాస్టర్లు ఇది దాటేసి వెళ్ళిపోతారు. శ్రీపెరుంబుదూరు, హోసూరు వైపు కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు తరగతిలో ఉంటే ఇది మొదటి వారంలోనే చెప్పాలి. యంత్రం మీద కవచం గురించి "యూ డోంట్ హ్యావ్ టు రిమూవ్ ద గార్డ్" అని రాస్తే, తియ్యనక్కర్లేదు, తీసినా ఫరవాలేదు అని చదువుకుంటారు.

చెప్పే తీరు: వేండాం అన్న మాట వచ్చినప్పుడల్లా దాన్ని 'తేవై ఇల్ల'తో గానీ 'కూడాదు'తో గానీ మార్చి చూడమనండి. తేవై ఇల్ల కుదిరితే డోంట్ హ్యావ్ టు. కూడాదు కుదిరితే మస్ట్ నాట్. రెండూ కుదరక మామూలుగా వద్దనడమే అయితే ప్లీజ్ డోంట్. 'వేండియదిల్ల' అనే రూపానికి మాత్రం ఒకటే అర్థం, అక్కర్లేదు. దాన్ని నేరుగా డోంట్ హ్యావ్ టుతో జతకట్టేస్తే మేలు.

సాంబారు వడ

సరే, ఈ వైరు సంగతి నాకు తట్టలేదు. రాద్ధాంతం మాట వెనక్కి తీసుకుంటున్నా.

అనువాద కూలీ

ఇంకొకటి మిగిలింది. చేయించడం. "ఐ హ్యాడ్ మై బ్లౌజ్ స్టిచ్డ్" లాంటివి. ఇక్కడ అదృష్టం మనది. కుట్టించాను, కడిగించాను, రంగు వేయించాను అని ఏ క్రియకైనా '-ఇంచు' తగిలిస్తాం. మాట్లాడే తమిళంలో ఆ సౌకర్యం అంత లేదు. 'సెయ్య వెచ్చేన్' అంటే బలవంతాన చేయించానన్న ఛాయ వస్తుంది. దర్జీ దగ్గరైతే 'తైక్క కుడుత్తేన్' అంటారు, కుట్టడానికి ఇచ్చాను అని. జుట్టుకి 'ముడి వెట్టిక్కిట్టేన్', స్వయంగా కత్తిరించుకున్నా, మంగలి కత్తిరించినా అదే మాట. అందుకే "ఐ కట్ మై హెయిర్", "ఐ స్టిచ్డ్ అ షర్ట్ ఇన్ దట్ షాప్".

వాళ్ళకి మాటల వరస చూపించాలి. హ్యాడ్, తరవాత వస్తువు, తరవాత క్రియ మూడో రూపం. వస్తువు చోటు మారితే అర్థం తిరగబడుతుంది. "ఐ హ్యాడ్ మై హెయిర్ కట్" అంటే మంగలి కత్తిరించాడు. "ఐ హ్యాడ్ కట్ మై హెయిర్" అంటే అంతకుముందే నేనే కత్తిరించుకున్నాను. ఈ రెండూ బోర్డు మీద ఒకదాని కింద ఒకటి రాసి మధ్యలో బాణం గీస్తే చాలు.

తిరుత్తణి బస్సు

ఉచ్చారణ ఓ ముక్క. తెలుగులో బ్యాంకు, హ్యావ్ అని యావత్తుతో ఆ అచ్చుకి దగ్గరగా వెళ్తాం. తమిళంలో అలాంటి మాటల్ని ఏత్వంతో రాస్తారు గనక 'హేవ్' అని పలుకుతారు. అది పెద్ద తప్పేం కాదు. వినేటప్పుడు వచ్చే చిక్కు పెద్దది. 'హ్యావ్ టు' అన్నప్పుడు ఇంగ్లీషువాళ్ళు వకారాన్ని ఫకారం చేసి 'హ్యాఫ్టు' అంటారు. హ్యాజ్ టు 'హ్యాస్టు' అవుతుంది. 'షుడ్ హ్యావ్' నోట్లో 'షుడవ్' అయిపోతుంది. ఇవి చెవికి అలవాటు చెయ్యకపోతే టెలిఫోను ఇంటర్వ్యూలో హ్యావ్ వినపడనే వినపడదు.

పాత నిఘంటువు

మీ మాస్టర్ల మధ్య దూరుతున్నాను. నిఘంటువులో చివర ఉన్న 'ఉడైత్తాయిరు'ని పనికిరాదన్నారు. నోటి మాటకి పనికిరాదు, నిజమే. కానీ పాత తమిళంలో 'ఉడై' అచ్చమైన 'హ్యావ్'. ఉడైయేన్ (నాకు కలదు), ఉడైయాన్ (కలవాడు), ఉడైత్తు (కలది) అని రూపాలుండేవి. తిరుక్కురళ్ 45వ కురళ్‌లో 'ఉడైత్తాయిన్' వస్తుంది, అంటే 'కలిగినదైతే'. ఇప్పటి తమిళంలో 'ఎన్నుడైయ' అనే షష్ఠీ రూపంగా మిగిలింది. కన్నడంలో ఒడెయ, మైసూరు ఒడెయర్లు, మన పాత కావ్యాల్లోని ఒడయడు, అందరూ ఆ ఇంటివాళ్ళే. 'ఉన్నవాడు', అంటే యజమాని.

బడిలో చదువుకున్న తమిళులకి ఈ మాట కొత్త కాదు. 'అన్బుడైయార్' అంటే ప్రేమ గలవారు. "వన్ హూ హ్యాజ్ లవ్" అని విడదీసి చూపిస్తే, హ్యావ్ వాళ్ళ భాషకి పరాయి ఊహ కాదని వెంటనే పట్టుకుంటారు.

గోంగూర కట్ట

ఇది అందంగా ఉంది గానీ మొదటి నెలలో వద్దండీ, తల తిరుగుతుంది.

పాత నిఘంటువు

వద్దు అంటున్నారా, అక్కర్లేదు అంటున్నారా? :)

కావేరి గట్టు

హహ, వేండాం.

రెండో బెంచి

అందరికీ ధన్యవాదాలు. వరస ఇలా పెట్టుకుంటున్నాను. మొదటి రెండు తరగతులు తోక కత్తిరించడమే, విభక్తికి ఇరవై వాక్యాల చొప్పున. మూడో తరగతి వేండాం. తరవాత ఇరుక్కు, కిట్టిరుక్కేన్ పరీక్ష. పర్ఫెక్ట్ ఆ తరవాతే, వందిరుక్కేన్ నుంచి మొదలుపెట్టి. చేయించడం చివర్లో.

ఆఖరి ప్రశ్న. "సర్, ఐ యామ్ హ్యావింగ్ వన్ డౌట్" అని రోజుకి పదిసార్లు వస్తుంది. "ఐ హ్యావ్ వన్ డౌట్" అని దిద్దితే చాలా?

ధాతువు

సగమే దిద్దినట్టు. తమిళంలో 'సందేగం', మనకి 'సందేహం', రెండిటికీ తెలియనిది అడగడమనే అర్థం ఉంది. ఇంగ్లీషు డౌట్‌లో మీ మాట నమ్మడం లేదన్న ధ్వని ఉంది. "ఐ హ్యావ్ అ క్వశ్చన్" అనిపించండి. 'వన్' కూడా తీసెయ్యండి. అది 'ఒరు సందేగం'లోని ఒరు. ఇంగ్లీషులో దానికి 'అ' చాలు.